పాలరాతి పిల్లాడితో జహ్రా దాకా

ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట ఒకటి ముందే చెప్పేస్తాను. నాకు అరబ్బీ బాగా వచ్చని మా ఊళ్ళో అందరూ అనుకుంటారు. మూడేళ్ళు కువైట్‌లో ఉండి వచ్చింది కదా, రాకుండా ఎలా ఉంటుందని వాళ్ళ నమ్మకం. నిజానికి నాకు వచ్చింది వంటింటి అరబ్బీ. ఉల్లిపాయ, చీపురు, వేడినీళ్ళు, రేపు, ఇక చాలు. అంతకు మించి ఎవరేమన్నా నేను తల ఊపుతాను. "ఐవా" అంటాను, అంటే ఔనని. మళ్ళీ చెప్పమని అడగడానికి సిగ్గు. ఆ రోజు అర్థం కాని మాటల్ని డైరీలో తెలుగు అక్షరాల్లో రాసుకునేదాన్ని. వాటిలో సగానికి ఇప్పటికీ అర్థం తెలియదు.

ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం, ఆ తల ఊపుడు ఈ ప్రయాణంలో చాలా పని చేసింది. మంచిపనో చెడ్డపనో మీరే చెప్పాలి.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఆ ఆగస్టు నెలలో నేను ఫింటాస్ నుంచి జహ్రా దాకా వెళ్ళాను. మామూలు రోజుల్లో కారులో గంట కూడా పట్టని దారి. మాకు మూడు రోజులు పట్టింది.

ఫింటాస్

ఫింటాస్ సముద్రం ఒడ్డున ఉంటుంది. మా రాయచోటి పక్క పల్లెలో బావిలో నీళ్ళు కనబడితే పండగ. అక్కడ కిటికీ తీస్తే అంతా నీళ్ళే, తాగడానికి చుక్క పనికిరావు. నేను పనిచేసిన ఇంట్లో యజమానురాలిని మామా అని పిలిచేదాన్ని. అక్కడ అందరం అలాగే పిలుస్తాం. ఆమె నన్ను రదీమా అనేది. రెడ్డెమ్మ అనే పేరు ఆమె నోట్లో అలా మారింది. భర్త పోయి ఏడాది దాటింది. పెద్దకొడుకులిద్దరూ ఎండాకాలానికని కుటుంబాలతో విదేశం వెళ్ళారు. ఇంట్లో మిగిలింది మామా, కాలేజీలో చదివే చిన్నకొడుకు యూసుఫ్, నేను.

ఇంకొకడు కూడా ఉన్నాడు. హాల్లో కిటికీ పక్కన బల్లమీద, మూరెడు పొడవున్న పాలరాతి పసివాడు. పడుకున్నవాడు లేచి కూర్చున్నట్టు ఉంటాడు. రెండు పిడికిళ్ళలో రెండు పాముల్ని పట్టి నలిపేస్తుంటాడు. ముఖంలో కోపం లేదు. ఆటలో పడ్డ పిల్లల నవ్వు ఉంటుంది. పనిలో చేరిన రోజు నేను చిన్నికృష్ణుడే అనుకుని, ఎవరూ చూడడం లేదని కళ్ళకద్దుకున్నాను. మామా చూసింది. "హిరకల్" అంది, వాడి పేరు. నేను తల ఊపాను.

వాడెవరో తర్వాత బాబా చెప్పాడు, అంటే మామా భర్త. ఆయనకు చూపు మందగించింది. నేను ఇంటర్ దాకా చదివానని తెలిసి రోజూ సాయంత్రం ఇంగ్లీషు పేపరు, ఆ తర్వాత తన అలమారలోని బొమ్మల పుస్తకాలు నాచేత చదివించుకునేవాడు. నా ఉచ్చారణకు నవ్వేవాడు కాదు. ఆ ఇంట్లో నేను గొంతెత్తింది ఆ ఒక్క గంటే. హిరకల్ గ్రీకుల వీరుడు. దేవుడి కొడుకు. సవతితల్లి ఊయలలోకి పాముల్ని పంపితే పిసికి చంపాడు. సవతితల్లి స్థానంలో కంసుణ్ణి పెడితే మన కథే. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో నాకు తోచలేదు. ఆయనకూ తోచలేదు.

బాబా ఆ బొమ్మను రోములో కొన్నాడు. రెండు వేల ఏళ్ళ నాటిదని నమ్మాడు. వచ్చిన ప్రతి అతిథికీ అదే చెప్పేవాడు. ఒకరోజు యూరపు నుంచి ఒక పండితుడు వచ్చి, బొమ్మను తడిమి చూసి, ఇది అంత పాతది కాదని తేల్చాడు. ఆయన వెళ్ళిపోయాక బాబా ఒక లావుపాటి పుస్తకం తీయించి, ఒక పేజీ చదవమన్నాడు. మర్నాడు మళ్ళీ అదే పేజీ. ఎన్నిసార్లు చదివించాడో, నాకు కంఠస్థం వచ్చేసింది. అయిదు వందల ఏళ్ళ కిందట ఇటలీలో కుర్ర శిల్పులు పాతకాలం బొమ్మల్లాంటివి చెక్కేవాళ్ళట. తోటలో మట్టిలో పాతిపెట్టి, పుల్లబడ్డ ద్రాక్షసారా పోసి మరకలు పట్టించి, తవ్వితే దొరికాయని అమ్మేవాళ్ళట. చెక్కడం ఎంత బాగుండేదంటే నిజం తెలిసినా కొన్నవాళ్ళు తిరిగి ఇచ్చేవాళ్ళు కాదట.

"మామాకు చెప్పకు" అన్నాడు బాబా. అప్పుడు మాత్రం అర్థమయ్యే తల ఊపాను.

మామాకు ఆ బొమ్మ నచ్చదు. "ఆ రాయి" అనేది. నేను తుడుస్తుంటే ముఖం అటు తిప్పుకునేది. ఎందుకో నాకు తెలియదు, అడగలేదు.

సైనికులు వచ్చిన వారంలో ఆయుధాల కోసం ఇల్లిల్లూ వెతికారు. మా ఇంటికి వచ్చిన ఆఫీసరు కళ్ళద్దాల మనిషి. బూట్లు విప్పి హాల్లోకి వచ్చాడు. పసివాడి తల నిమిరి ఎప్పటిదని అడిగాడు. రెండు వేల ఏళ్ళ నాటిదని మామా చెప్పింది. ఆయన వెళ్ళిపోయాడు.

తర్వాత కొన్నాళ్ళకు రొట్టెల వరసలో నిలబడ్డ యూసుఫ్‌ని, జేబులో ఏదో కరపత్రం దొరికిందని పట్టుకుపోయారు. ఎక్కడ ఉన్నాడో తెలియదు. మామా వారం పాటు కుర్చీలోనే పడుకుంది. చివరికి ఒకాయన కబురు తెచ్చాడు. యూసుఫ్ జహ్రాలో ఒక బడిలో ఉన్నాడు, ఆ బడి ఆ కళ్ళద్దాల ఆఫీసరు చేతిలో ఉంది. "ఆ ముసలి పసివాణ్ని తీసుకురండి, మాట్లాడుకుందాం" అన్నాడట.

మామా లేచి ముఖం కడుక్కుంది. బీరువా తెరిచి నా పాస్‌పోర్టు నా చేతిలో పెట్టింది. జహ్రా చౌరస్తా నుంచి ఇండియా వాళ్ళ కోసం ఇరాక్‌లోని బస్రాకు బస్సులు పోతున్నాయని అందరూ అంటున్నారు. రాయిని అక్కడిదాకా మోసి పెట్టి, నేను అటే పోవచ్చునంది. ఆమె మోకాళ్ళకు ఆ బరువు మోసే శక్తి లేదు.

నేను పసివాణ్ని ఎర్రదుప్పట్లో చుట్టి చంకనెత్తుకున్నాను. యూసుఫ్ ప్రాణం ఆ రాయి వయసు మీద ఉంది. దాని అసలు వయసు తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. ఈ సంగతి మామాకు చెప్పాలో వద్దో ఆ మూడు రోజులూ నాకు తేలలేదు.

హవల్లీ

పక్కింటి ఈజిప్టు టీచరు తన కారులో హవల్లీ దాకా తీసుకెళ్ళాడు. దారిలో ఎక్కడ ఆపినా నా కాగితం చూసి సైనికులు అడిగేది ఒక్కటే. "ఖాదిం?" అంటే పనిమనిషివా అని. మేము వెళ్ళే వీసాకే ఖాదిం వీసా అని పేరు. "ఐవా." "ఎన్నేళ్ళు?" "తలాత్." మూడని. వెళ్ళమనేవాళ్ళు. మాలాంటి పనివాళ్ళ జోలికి వాళ్ళు పెద్దగా రాలేదు. ఒకడైతే హిందీ పాట కూనిరాగం తీసి ఎలా ఉందని అడిగాడు. బాగుందని తల ఊపాను. రాగం ఏ పాటదో తెలియలేదు.

హవల్లీలో ఎప్పుడూ రేడియోలు, టీవీలు అమ్మే దుకాణాలు కిటకిటలాడేవి. ఇప్పుడు అద్దాలు పగిలి లోపల ఉత్త అట్టపెట్టెలు. జనం మాత్రం రొట్టెల దగ్గర ఉన్నారు. మామా నన్ను ఆడవాళ్ళ వరసలో నిలబెట్టింది. వరస చాలా పొడవు. ఎండ గురించి చెప్పను, మన కడప ఎండ దాని ముందు వెన్నెల.

ముందున్న ఒకామె నా చంకలోని మూట చూసింది. ఏదో అంది. తల ఊపాను. ఆమె ముందామెకు చెప్పింది. చూస్తుండగానే వరసంతా పక్కకు తప్పుకుని నన్ను ముందుకు తోస్తోంది. "పసిబిడ్డ, పసిబిడ్డ." ఒకామె నా పైట సర్ది దుప్పటి మీద నీడ పట్టింది. ఇంకొకామె బిడ్డ పేరేమిటని అడిగింది. ఆ ప్రశ్న అర్థమైంది. "హిరకల్" అన్నాను. ఆమెకు జాలేసినట్టుంది. పెళ్ళికాని నాకు చెమటలు పట్టాయి. రొట్టెలు మాత్రం అందరికన్నా ముందు దొరికాయి. అరచేయంత చేసి దొంతర పెట్టిన రొట్టెలు, వేడివేడిగా. రేటు మామూలుకన్నా రెండింతలైందని వెనక గొణుగుతున్నారు.

ఆ రోజు మామా దగ్గర బట్టలు కుట్టే పాలస్తీనా ఆమె ఇంట్లో దిగాం. కందిపప్పు లాంటి నల్లపప్పు, బియ్యం కలిపి వండి, పైన ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు చల్లి పెట్టింది. ఒక్క ముద్ద తినగానే మా ఇంటి పులగం గుర్తొచ్చింది. మనం పచ్చడి నంజుకుంటాం, వాళ్ళు పెరుగు. ఇల్లు వదిలి పోవడం ఎలాగో తనకు తెలుసుననీ, ముందు తాళంచెవి జాగ్రత్త చేసుకోవాలనీ ఆమె మామాకు చెబుతోంది. మామా వింటూ రొట్టె ముక్కలు ముక్కలుగా తుంచుతోంది గాని తినడం లేదు.

"రదీమా, వాడు నిజంగా వదిలిపెడతాడంటావా?" అని హఠాత్తుగా నన్ను అడిగింది.

నేను తల ఊపాను. ఏమని ఊపానో నాకే తెలియదు.

మాతోపాటే ఆ రాత్రి ఆగిన టీచరు కారును మర్నాడు పొద్దున వీధిలోంచే సైనికులు తీసుకుపోయారు. రశీదు ఇచ్చారట. ఆయన ఆ రశీదును అటూ ఇటూ తిప్పి చూస్తూ గడపమీద కూర్చున్నాడు.

షువైఖ్

నీళ్ళ ట్యాంకరు ఒకటి మమ్మల్ని షువైఖ్‌లో దించింది. ఓడరేవు, గిడ్డంగులు, మెకానిక్ షెడ్లు ఉన్న చోటు. బాబా కారు బాగుచేసే మల్లయ్యను వెతుక్కుంటూ పోయాం. జగిత్యాల మనిషి. షెడ్డులో ఇంకో నలుగురు కరీంనగర్ వాళ్ళతో కలిసి చింతపండు పిసికి పచ్చిపులుసు చేస్తున్నాడు. ఉల్లిపాయ ఒక్కటే ఉందని అయిదుగురూ దాన్ని సన్నగా తరగడం గురించి వాదించుకుంటున్నారు.

"జహ్రా దాకా నా వానెట్‌ల పోదాం మామా. యూసుఫ్ నా ముందల పెరిగిండు" అన్నాడు మల్లయ్య సంగతి వినగానే. వానెట్ అంటే వెనక తొట్టి ఉండే చిన్న బండి. మాకు కూడా పచ్చిపులుసు, అన్నం పెట్టారు. మామా మొదటి ముద్దకే పొలమారి, నీళ్ళు తాగి, ఇంకొంచెం వేయమంది. రెండు రోజుల్లో ఆమె తినడం నేను చూసింది అప్పుడే.

మల్లయ్య నా మూట వైపు చూశాడు. "గదేంది చెల్లె, అంత పైలంగ పట్టుకున్నవ్?"

"హిరకల్ అన్నా."

"ఇరకలా?"

పేరు సరిగ్గానే విన్నాడనుకుని తల ఊపాను.

"మా అమ్మకు ఒకటుండె. ఎర్రటంచుది. బతుకమ్మకు తప్ప తియ్యకపోతుండె" అన్నాడు. పాములు చుట్టుకున్న పిల్లాడి బొమ్మ మల్లయ్య వాళ్ళమ్మ దగ్గర ఎలా ఉందో, దానికి అంచు ఏమిటో నాకు బోధపడలేదు. బతుకమ్మకు వాళ్ళ వైపు ఏవేవో చేస్తారేమో అనుకున్నాను. అడగలేదు.

జహ్రా దారిలో

మూడో రోజు ముందు సీట్లో మల్లయ్య, మామా, నేను. నా ఒళ్ళో మూట. రోడ్డు పక్క కాలిన బళ్ళు. జహ్రా ఇంకా కాస్త దూరం ఉందనగా ఒక తనిఖీ దగ్గర ఆపారు. చాలా చిన్న వయసు సైనికుడు. నా కాగితం చూశాడు. "ఖాదిం? ఎన్నేళ్ళు?" చెప్పాను. మూట చూపించి అదేమిటన్నాడు.

నేను నోరు తెరిచేలోపే మల్లయ్య అందుకున్నాడు. "సాడీ, సాడీ. మామాకు సాడీ."

సైనికుడికి సాడీ అంటే తెలుసు. చీర చూద్దామని ఒంటిచేత్తో మూట లాగాడు. మూట చేయిజారి వాడి బూటు మీద పడబోయింది, రెండు చేతులతో పట్టుకుని కూలబడ్డాడు. దుప్పటి తొలగింది. పసివాడు ఎండలో తెల్లగా నవ్వుతున్నాడు. సైనికుడు మల్లయ్యను చూశాడు. మల్లయ్య నన్ను చూశాడు.

"ఎవడు వీడు?"

"హిరకల్" అంది మామా.

సైనికుడు లేచి నిలబడ్డాడు. ఇంకొకణ్ణి పిలిచాడు. ఇద్దరూ వంగి చూశారు. అరబ్బీలో హిరకల్ అనేది ఒక రోము చక్రవర్తి పేరు కూడానట. ప్రవక్తగారు ఉత్తరం పంపిన చక్రవర్తి. బళ్ళో పాఠం ఉంటుందట. ఇదీ, అక్కడ వాళ్ళన్న మాటలూ తర్వాత మామా చెబితే తెలిసినవి.

"చక్రవర్తి ఇంత చిన్నవాడా?" అన్నాడు రెండోవాడు.

"మరి మీసాలతో పుడతాడా?" అంది మామా.

"చేతుల్లో పాములెందుకు?"

"రోము పిల్లల ఆటవస్తువులు అవే. మీ అమ్మ నీకు ఏమిచ్చింది ఆడుకోవడానికి?"

వాడికి నవ్వొచ్చింది. చక్రవర్తిని తనే దుప్పట్లో చుట్టి నా ఒళ్ళో పెట్టాడు. తల మాత్రం బయటికి వదిలాడు, ఊపిరాడదేమో అన్నట్టు.

బండి కదిలి చాలా దూరం వచ్చాక మల్లయ్య అన్నాడు, "చీరంటివి గద చెల్లె."

"నేననలేదన్నా. నువ్వే ఏమో అన్నావు."

"ఇరకల్ చీరనా అంటే తల్కాయ ఊపితివి. అండ్ల జూస్తే జంటనాగులు. పానం పోయింది నాకు." మళ్ళీ, "మొక్కుకోవాల్నా వద్దా గిప్పుడు?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. అది ఆ ప్రయాణంలో నేను చెప్పిన నిజాల్లో ఒకటి. మల్లయ్య స్టీరింగు మీంచి ఒక చెయ్యి తీసి దుప్పటికి తాకించి కళ్ళకద్దుకున్నాడు. ఎందుకైనా మంచిదన్నాడు.

జహ్రా

బడి పసుపురంగు గోడల భవనం. మల్లయ్య బయటే ఆగాడు. మమ్మల్ని ఒకటో తరగతి గదిలోకి తీసుకెళ్ళారు. గోడమీద అక్షరాల బొమ్మలు, కుందేలు, బాతు. మామా చిన్నపిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుంది. కళ్ళద్దాల ఆఫీసరు మేష్టారి బల్ల వెనక ఉన్నాడు. సన్ననడుము గాజు గ్లాసుల్లో టీ తెప్పించాడు. మామా ముట్టలేదు. మన దగ్గరలాగే అక్కడా ఇచ్చింది ముట్టకపోవడం పెద్ద మాట. ఆయన ఆ గ్లాసును పక్కకు జరిపాడు.

నేను పసివాణ్ని బల్లమీద పెట్టాను. ఆయన జేబురుమాలుతో వాడి ముఖం మీది దుమ్ము తుడిచాడు. పాము తోక దగ్గర వేలు పెట్టి చాలాసేపు చూశాడు.

"రెండు వేల ఏళ్ళదంటావు" అన్నాడు మామాతో.

"మా ఆయన అన్నాడు."

"ఆయన అన్నాడు. నువ్వేమంటావు?"

"నేను నా కొడుకు కోసం వచ్చాను."

అప్పుడాయన నా వైపు తిరిగాడు. రాయిని మోసుకొచ్చింది నేనని కాబోలు. "ఖదీమ్?" అన్నాడు.

మూడు రోజులుగా అందరూ అడుగుతున్నదే. "ఐవా."

"ఎన్నేళ్ళు?"

"తలాత్."

తలుపు దగ్గర సైనికుడు కిసుక్కున నవ్వాడు. మామా నా వంక చూసిన చూపు డైరీలో కూడా రాయలేదు.

"మూడేళ్ళు?" ఆఫీసరు పసివాణ్ని చూపించాడు. "దీనికా?"

అక్కడ నాకు లీలగా తెలిసింది. అరబ్బీలో పాతది అనే మాట వేరు, పనిమనిషి అనే మాట వేరు. మొదటి అక్షరం గొంతులో వేర్వేరు చోట్లనుంచి రావాలి. మన నోటికి రెండూ ఖ. ఆయన అడిగింది రాయి పాతదేనా అని. సరిచేయబోయాను. "కాదు సార్. నేను. నేను ఖదీమ్." అంటే పాతదాన్ని నేనని చెప్పాను.

"నువ్వా?"

"ఐవా. ఫింటాస్‌లో."

సైనికుడు గోడకానుకుని పొట్ట పట్టుకున్నాడు. ఆఫీసరు మాత్రం నవ్వలేదు. ఇంగ్లీషులోకి మారాడు. "నీకు ఇంగ్లీషు వచ్చా?"

తల ఊపాను.

"తల ఊపకు. ఈ రాయి ఎప్పటిది? మాటతో చెప్పు."

ఊపి తప్పించుకోవడానికి వీలులేని ప్రశ్న. రెండు వేలు అంటే చాలు. మామా కళ్ళు అదే అడుగుతున్నాయి. ఆమెకు ఇంగ్లీషు రాదు, నా నోటి నుంచి వచ్చే మాట కోసం నా పెదవుల వంక చూస్తోంది. కాని భయంలో నా నోటికి అబద్ధం రాలేదు. కంఠస్థమై ఉన్నదే వచ్చింది. బాబా కుర్చీ పక్కన నిలబడి చదివినట్టే, చేతులు కట్టుకుని, మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టాను. ఇటలీ, అయిదు వందల ఏళ్ళు, కుర్ర శిల్పులు, తోటలో మట్టి, పుల్లటి సారా. మధ్యలో ఆపడం తెలియలేదు. బాబా గుక్క తిప్పుకోమనే చోట గుక్క తిప్పుకున్నాను. కొన్నవాళ్ళు తిరిగి ఇచ్చేవాళ్ళు కాదు అనే వాక్యంతో పేజీ అయిపోయింది. నేనూ ఆగిపోయాను.

యూసుఫ్‌ని పోగొట్టాననుకున్నాను.

ఆఫీసరు కళ్ళద్దాలు తీశాడు. "ఈవిడకు తెలుసా?"

"తెలియదు సార్."

"అయితే ఈవిడ నాకు అబద్ధం చెప్పలేదు." కళ్ళద్దాలు తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "విను. ఇది రెండు వేల ఏళ్ళదైతే బాగ్దాద్‌ది. నా పైవాడు వచ్చి తీసుకుపోతాడు, పైవాడి నుంచి ఇంకా పైవాడు. నాకు మిగిలేది సంతకం పెట్టిన కాగితం. ఆ మాత్రం దానికి నేను ఎవర్నీ ఎందుకు వదలాలి? అయిదు వందల ఏళ్ళదైతే ఎవడికీ అక్కర్లేదు. ఇది నాది."

మెచ్చుకుంటున్నాడో, దొంగతనానికి సాక్ష్యం పెట్టుకుంటున్నాడో తెలియలేదు. తల ఊపబోయి మానేశాను. ఆయన పసివాణ్ని ఎత్తుకుని, బల్ల కింది సొరుగులో పిల్లల పుస్తకాలు తీసేసి, వాటి చోట పడుకోబెట్టాడు. తలుపు వైపు చూసి ఒక పేరు పిలిచాడు.

యూసుఫ్ వచ్చాడు. తల గొరిగేశారు. కాళ్ళకు చెప్పులు లేవు. మామా ఆ చిన్న కుర్చీలోంచి లేవలేకపోయింది. కుర్చీ ఆమెతోపాటు లేచింది. దాన్ని నేను లాగాల్సి వచ్చింది. ఆమె ఏడవలేదు. కొడుకు కాలరు సరిచేసి, "మెడ కడుక్కోలేదు నువ్వు" అంది.

చౌరస్తా

బస్సుల దగ్గర మనవాళ్ళు వందల్లో ఉన్నారు. పెట్టెలు, దుప్పట్లు, గిన్నెలు, పంజరంలో ఒక చిలక. మల్లయ్య భుజంతో తోసుకుంటూ పోయి నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. "వెనక్కి పోకు చెల్లె, అంత దుమ్మే" అని దిగిపోయాడు. మామానూ యూసుఫ్‌నీ తిరిగి ఫింటాస్ చేర్చే పని అతనిది. చేతులు ఖాళీగా ఉంటే ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. మూడు రోజులుగా మోసి నడుము ఒకవైపుకు ఒంగి ఉంది.

మామా కిటికీ కిందికి వచ్చింది. లోపల ఏం చెప్పావు, వాడు ఎందుకు వదిలాడు అని అడిగింది. నేను పనిమనిషిని, మూడేళ్ళయింది అని చెప్పానన్నాను. అది నిజమే. ఆమె నమ్మిందో లేదో నాకు తెలియదు. డ్రైవరు ఇంజను వేశాడు. ఆమె కిటికీ ఊచ పట్టుకుని, నాకు అర్థం కావాలని ఒక్కో మాటే, వంటింట్లో చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"ఆ రాయి కొనడానికి ఆయన మా నాన్న పడవ అమ్మేశాడు, రదీమా. నన్ను అడగలేదు. పోయే రోజు వరకూ దాని గురించి దెప్పుతూనే ఉన్నాను. ఇప్పుడు పోయే దారిలో సులైబిఖాత్‌లో ఆయన సమాధి ఉంది, ఆగుదామంటున్నాడు యూసుఫ్. ఆగి, ఆయనతో ఏమని చెప్పను?"